ముందు ఉరుము, తర్వాత మెరుపు

ఆయనకి కోపం రాకపోతే ఫొటో రాదు. సంగతి ఇంతే. మిగతా ఫొటోగ్రాఫర్లకి మంచి కెమెరా కావాలి, వెలుతురు కావాలి, కూర్చున్న మనిషి కాస్త కదలకుండా ఉండాలి. ఈయనకి ఇవన్నీ ఉన్నా సరే, ఎవరో ఒకరిని తిట్టందే వేలు బటన్ మీద పడదు. తిట్టడమంటే ఏదో గొణుక్కుని ఊరుకోవడం కాదు. మేడమీద స్టూడియోలో మొదలుపెడితే కింద కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు గలగలమనేవి. ఆ వెంటనే మేడమీది కిటికీలోంచి తెల్లటి వెలుగు తటాలున వీధిలోకి పడేది. లోకంలో ఎక్కడైనా ముందు మెరుపు, తర్వాత ఉరుము. ఆ మేడమీద మాత్రం ముందు ఉరుము, తర్వాత మెరుపు. అందుకని వీధివాళ్ళంతా కలిసి ఆయనకి ఉరుము అని పేరు పెట్టేశారు.

ఆయన మేనకోడలు కూడా మనసులో ఆ పేరుతోనే పిలుచుకునేది. పైకి మాత్రం మామయ్యా అనేది, అదీ పళ్ళు నూరుకుంటూ. స్టూడియోకి రాకముందు ఐదేళ్ళు ఆమె ఒక కంపెనీలో పనిచేసింది. వాళ్ళు అమ్మిన బట్టలుతికే మెషీన్లు చెడిపోయినప్పుడు జనం ఫోన్ చేసి తిట్టే తిట్లన్నీ విని, చివర్లో మీ సహనానికి ధన్యవాదాలు అని చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ కంపెనీ మూతపడ్డాక, మా తమ్ముడి స్టూడియోలో కూర్చో, అక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది అని తల్లి సలహా చెప్పింది. తమ్ముడు పనిచేస్తుండగా ఆ తల్లి ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. మొదటిరోజు మధ్యాహ్నానికే మేనకోడలికి విషయం బోధపడింది. ఇన్నాళ్ళూ తను తిట్లు వచ్చి చేరే చోట పనిచేసింది. ఇప్పుడు తిట్లు తయారయ్యే చోటికి వచ్చి పడింది.

స్టూడియో అంటే రెండు గదులు. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు, ప్రింటరు, ఒక బెంచీ, గోడకి అద్దం, ఎవరూ ఎత్తుకుపోకుండా దానికి దారంతో కట్టిన దువ్వెన. మధ్యలో మందపాటి నల్ల తెర. తెర వెనక ఉరుము రాజ్యం. అక్కడ గుండ్రంగా తిరిగే స్టూలు, వెనకాల దించడానికి తెల్లగుడ్డ ఒకటి, నీలంగుడ్డ ఒకటి, కోటు లేనివాళ్ళందరికీ కలిపి ఒకటే నల్ల కోటు. సన్నవాళ్ళు తొడుక్కుంటే వీపు వైపు బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు. లావువాళ్ళ కోసం వీపు కుట్టు ముందే విప్పి ఉంచాడు. ఎదురుగా చూస్తే మాత్రం అందరూ పెద్ద అధికారుల్లాగే కనిపించేవారు. గొడుగు లైట్లు రెండూ మేనకోడలు పోరు పెట్టి కొనిపించినవి. వాటిలో ఒకదాని స్టాండు కాలు తెర దాటి, సరిగ్గా ఆమె నడిచే దారిలోకి పొడుచుకొచ్చేది. రోజుకి రెండుసార్లయినా ఆమె దానికి తట్టుకుని తూలేది. జరపమని మూడేళ్ళుగా చెబుతోంది. జరిపితే వెలుతురు పాడవుతుందని ఆయన, జరపకపోతే తన కాలు విరుగుతుందని ఆమె. మూడేళ్ళలో ఇద్దరూ మాట మార్చుకోలేదు, స్టాండు చోటు మార్చుకోలేదు.

పని ఇద్దరికీ సమానంగానే పంచుకున్నట్టు లెక్క. లోపల ఆయన తిడతాడు, బయట ఆమె క్షమాపణ చెబుతుంది. రోజూ కొత్తగా చెప్పలేక ఆమె కొన్ని ఉత్తరాలు అచ్చు వేయించి సొరుగులో పెట్టుకుంది. తల్లులకి ఒకటి, భర్తలకి ఒకటి, ఆఫీసు మేనేజర్లకి ఒకటి, మిగతా బంధువులకి ఒకటి. పైన పిలుపు మారుతుంది తప్ప కింద సంగతి ఒకటే. మా సిబ్బంది ప్రవర్తన వల్ల మీకు కలిగిన మనస్తాపానికి ఎంతగానో చింతిస్తున్నాము, ఇకముందు ఇలా జరగదు అని ఉంటుంది. ఆయన ఒకరోజు ఆ కాగితం చూశాడు.

"సిబ్బంది అంటే ఎవరు?"

"నువ్వే."

"మరి నువ్వు?"

"నేను యాజమాన్యం."

ఆయన, అలాగైతే యాజమాన్యం తన టీ తనే పెట్టుకుంటే బాగుంటుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఒకసారి ఒక తల్లి ఐదేళ్ళ పిల్లని తీసుకొచ్చింది. బడి గుర్తింపు కార్డుకి చిన్న ఫొటో. రెండు నిమిషాల పని. లోపలికి వెళ్ళిన క్షణం నుంచి తల్లి గొంతు తెర బయటికి వినిపిస్తూనే ఉంది. నిటారుగా కూర్చో, జుట్టు సవరించుకో, అలా కాదు, ఇలా, మీ అక్క చూడు ఎంత చక్కగా తీయించుకుందో, నీకు ఏదీ సరిగ్గా చేతకాదు. ఆ తర్వాత ఉరుము.

"ఏమండీ, ఆ నోరు మీ సొంతమేనా, గంటల లెక్కన అద్దెకి తెచ్చారా? ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉంచడం లేదు."

మెరుపు మెరిసింది. తల్లి ఎర్రబడిన మొహంతో తెర తోసుకుని బయటికొచ్చి, తన జీవితంలో ఎవరూ తనతో ఇలా మాట్లాడలేదని చెప్పింది. మేనకోడలు కుర్చీలోంచి లేచి, సొరుగులోంచి తల్లుల ఉత్తరం తీసి రెండు చేతులతో అందించింది. పిల్ల మాత్రం స్టూలు మీద గిరగిరా ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఎప్పుడు తీస్తారు అని అడిగింది.

ఇంకొకసారి ఒక భర్త భార్యని తీసుకొచ్చాడు. ఆవిడకి ఏదో ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో కావాలి. పేరు ఆవిడని అడిగితే ఆయన చెప్పాడు, తెల్లగుడ్డా నీలంగుడ్డా అని అడిగితే ఆయన చెప్పాడు. దీనికి ఫొటో తీయడం దండగ, ప్రతి ఫొటోలోనూ కళ్ళు మూసేస్తుంది అని కూడా ఆయనే నవ్వుతూ చెప్పాడు. తెర వెనక రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఉరుము కెమెరా మెడలోంచి తీసి భర్త చేతిలో పెట్టాడట. మీరే తీయండి, నేను వెళ్ళి ఆ మూల కూర్చుని సలహాలు చెబుతాను, ఇక్కడ అన్నింటికన్నా సులువైన ఉద్యోగం అదే కదా అన్నాడట. కెమెరా పట్టుకోవడం కూడా రాక ఆ పెద్దమనిషి బిక్కమొహం వేశాడట. సొరుగులోంచి భర్తల ఉత్తరం బయటికొచ్చింది. ఎనిమిదిమంది ఉద్యోగుల్ని వెంటబెట్టుకొచ్చిన మేనేజరు గతి మరీ అన్యాయం. ఈ ఎనిమిదిమందికీ ఊపిరి కూడా మీరే పీలుస్తారా అని ఉరుము అడిగిన పాపానికి, ఆ కంపెనీ మళ్ళీ ఈ మెట్లెక్కలేదు.

మరి ఒంటరిగా వచ్చినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకీ లోటు చేయలేదు. వాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి, కాసేపు లైట్లు సవరించి, చివరికి కిటికీ తలుపు తీసి కింద కళ్ళజోళ్ళాయన్ని తిట్టేవాడు. ఆయన దుకాణం మీద మనిషంత కళ్ళజోడు బొమ్మ ఒకటి వేలాడేది. ఆ బొమ్మ తన గదిలోకే గుచ్చి చూస్తోందని, కళ్ళు కనపడనివాళ్ళకి అమ్ముకోవలసినవి కళ్ళున్నవాళ్ళ మీద వేలాడదీయడం ఏం మర్యాదని ఉరుము గద్దించేవాడు. కళ్ళజోళ్ళాయన పాపం కిందనుంచి తల ఎత్తి, అలాగేనండీ అని మళ్ళీ పనిలో పడేవాడు. మేనకోడలు ఆయనకి నెలకోసారి మిగతా బంధువుల ఉత్తరం ఇచ్చి వచ్చేది.

ఇంత జరుగుతున్నా ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి. కంప్యూటరులో తెరిచి చూస్తే ఆమెకి మార్చడానికి ఏమీ ఉండేది కాదు. గుర్తింపు కార్డు ఫొటోలో మనిషి సాధారణంగా దొరికిపోయిన దొంగలా ఉంటాడు. ఇక్కడ తీయించుకున్నవాళ్ళు మాత్రం అప్పుడే ఏదో శుభవార్త విన్నవాళ్ళలా ఉండేవారు. ఇదంతా తను కొనిపించిన గొడుగు లైట్ల మహిమేనని మేనకోడలి గట్టి నమ్మకం. ఇంత మంచి లైట్లు పెట్టుకుని ఈ మనిషి నోరు మూసుకుని ఉంటే స్టూడియో ఎక్కడికో వెళ్ళిపోయేది కదా అని ఆమె రోజూ ఉడికిపోయేది.

ఆ ఏడాది స్టూడియో నిజంగానే ఎక్కడికో వెళ్ళిపోయే పరిస్థితి వచ్చింది. వీధి చివర పెద్ద బడి ఉంది. ఏటా అక్కడి పిల్లలందరికీ కార్డు ఫొటోలు, తరగతి ఫొటోలు తీసేది వీళ్ళే. మిగతా రోజుల్లో ఎవరు వచ్చినా రాకపోయినా ఆ పనే స్టూడియోని నిలబెట్టేది. కిందటేడు పిల్లలు కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అంటున్న ఆరో తరగతి టీచరుతో ఉరుము, మీరు బయటికి వెళ్ళి తలుపు వేసుకుని ఆ తలుపుకి పాఠం చెప్పండి, అది ఎదురు తిరగదు అన్నాడు. ఆవిడ రెండు పేజీల ఫిర్యాదు రాసింది. ఈ ఏడు ప్రిన్సిపాల్ మేడం దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ముందు ఒక్క ఏడో తరగతి మాత్రమే తీయాలి. టీచరు దగ్గరనుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా మిగతా బడి మొత్తం మెయిన్‌రోడ్డు మీద కొత్తగా తెరిచిన స్టూడియోకి పోతుంది. అక్కడ ఎర్ర సోఫా ఉందట, అందరూ చిరునవ్వుతో మాట్లాడతారట.

బడి పోతే మేడ ఖాళీ చేయడమే. కళ్ళజోళ్ళాయన మంచివాడే కానీ, ఖాళీ అయితే పైన కంటి పరీక్షల గది పెట్టుకుంటానని మేడ యజమానితో ఎప్పుడో చెప్పి ఉంచాడు. మేనకోడలికి మళ్ళీ చెవికి ఫోను తగిలించుకుని అపరిచితుల తిట్లు వినే బతుకు కళ్ళముందు ఆడింది. ఉత్తరాన్ని ఉరుము ముందు పెట్టి, ఆయన గొంతుకి ఏమాత్రం తీసిపోని గొంతుతో చెప్పింది. బడిలో నోరు తెరిస్తే మూడే మాటలు. కూర్చో. ఇటు చూడు. అయింది.

"నాలుగయ్యాయి," అన్నాడు ఆయన వేళ్ళు లెక్కపెట్టి.

"సరే, నాలుగు. ఐదోది వినిపించిందా, ఆ కెమెరా, నువ్వు, నీ నల్లకోటు, ముగ్గురూ ఇక్కడ. నేను అమ్మ దగ్గరికి."

ఆయన తల ఊపాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆమెకి అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు.

గురువారం ఉదయం బడి లైబ్రరీలో లైట్లు పెట్టారు. నలభైమంది పిల్లలు వరసగా నిలబడ్డారు. కిందటేడు ఆరో తరగతికి చెప్పిన టీచరే, పిల్లలతోపాటు తనూ ఏడుకి వచ్చింది. కెమెరాకి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్కొక్కరు స్టూలు మీదికి ఎక్కడం, ఆవిడ ఒక్కొక్క ముత్యం రాల్చడం. నీ మార్కులకి ఆ నవ్వు ఎక్కువ. నువ్వు మూతి అలా పెట్టకు, మీ నాన్నలాగే ఉన్నావు. పళ్ళకి తీగ కట్టించుకున్న ఒక పిల్ల కూర్చోగానే, నువ్వు నోరు మూసుకో తల్లీ, కార్డంతా ఆ ఇనుమే కనిపిస్తుంది అంది. ఆ పిల్ల పెదవులు రెండూ లోపలికి మడిచేసుకుంది.

మేనకోడలు మామయ్య వైపే చూస్తోంది. ముందు ఆయన చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. ఒక దశలో జేబులోంచి లెన్సు మూత తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కూర్చో. ఇటు చూడు. అయింది. నలభైమందీ అరగంటలో అయిపోయారు. మీరింత మర్యాదస్తులని నాకు తెలియదు, కిందటేడు నేనే పొరబడ్డానేమో అని టీచరు వెళ్తూ వెళ్తూ అభినందించింది. మేనకోడలు ఆనందంతో దాదాపు ఎగిరింది. దారిలో ఆయన లెన్సు మూత ఉమ్మితే దాని మీద పైపళ్ళ వరస, కింది పళ్ళ వరస అచ్చు పడి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె ఫొటోలు తెరిచింది. మొదటిది చూసి, ఈ పిల్లవాడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. రెండోది తెరిచింది. పదోది తెరిచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. నలభైమందికీ ఒకటే మొహం. దెబ్బలు తినడానికి వరసలో నిలబడ్డవాళ్ళ మొహం. కళ్ళు కెమెరాలోకి చూడడం లేదు, అందరివీ కాస్త ఎడమకి, టీచరు నిలబడ్డ వైపుకి జరిగి ఉన్నాయి. లైట్లు అవే, కెమెరా అదే. పోనీ కంప్యూటరులోనే నవ్వించి చూద్దామని ఒక పిల్లవాడి మూతి చివర్లు రెండూ కొంచెం పైకి లాగింది. వాడు ఎవరి చెప్పులో ఎత్తుకొచ్చి తప్పించుకున్నవాడిలా కనిపించాడు. ఆమె భయపడి మళ్ళీ దించేసింది.

అప్పుడు వచ్చింది ఆమెకి కోపం. తెర తోసుకుని, స్టాండు కాలికి తట్టుకుని, తూలి, ఆ కోపం కూడా కలుపుకుని లోపలికి వెళ్ళింది. కావాలనే పాడుచేశావు, నీకు ఈ బడీ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు అని కడిగి పారేసింది. ఆయన కోటు క్లిప్పులు సర్దుకుంటూ, నువ్వు చెప్పిన నాలుగు మాటలే అన్నాను, కావలిస్తే ఆ టీచర్నే అడుగు అన్నాడు. గొంతు పెంచలేదు. దాంతో ఆమెకి ఇంకా మండింది.

ఆయన అబద్ధం చెబుతున్నాడని నిరూపించాలని ఆమె కిందటేటి ఆరో తరగతి ఫొటోలు తీసి పక్కన పెట్టింది. అదే పిల్లలు. మొహాలు మాత్రం దీపాలు వెలిగించినట్టున్నాయి. అప్పటికింకా పళ్ళకి తీగ లేని ఆ పిల్ల, ఎగుడుదిగుడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. మేనకోడలు ఇంకాస్త దగ్గరికి వంగి చూసింది. ఇక్కడ కూడా కళ్ళన్నీ కాస్త ఎడమకే జరిగి ఉన్నాయి, టీచరు నిలబడ్డ వైపుకే. కాకపోతే ఇప్పుడు భయంతో చూస్తున్నారు, అప్పుడు తమాషా చూస్తున్నారు. తమని ఏడాది పొడుగునా కూర్చోబెట్టి నిలబెట్టి తిట్టే మనిషిని, మొదటిసారి ఇంకెవరో తిడుతుంటే చూస్తున్నారు.

ఆమె మెల్లిగా సొరుగు లాగింది. తల్లుల ఉత్తరం, భర్తల ఉత్తరం, మేనేజర్ల ఉత్తరం, మిగతా బంధువుల ఉత్తరం. స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి ఉత్తరం ఏది? లేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా దాని అవసరం రాలేదు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళని ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

అసలు తప్పంతా ఆ పక్కన నిలబడేవాళ్ళది. ఫొటో వాళ్ళది కాదు, మొహం వాళ్ళది కాదు, కానీ నోరు మాత్రం వాళ్ళదే. ఇంట్లో అన్న మాటలు చాలక, ఆ నాలుగు గోడల మధ్యకి కూడా వెంటబడి వచ్చి, కదలడానికి వీల్లేకుండా కూర్చున్న మనిషి మీద గుమ్మరిస్తారు. మీదపడి కొడితే అడ్డుకునేవాళ్ళు ఉంటారు కానీ, మంచి కోసమే చెబుతున్నాం అంటూ చెప్పేదానికి అడ్డెవరు? ఆ మేడమీద మాత్రం ఒకడున్నాడు. మేనకోడలికి ఇదంతా ఒక్కసారిగా తట్టి, మరీ కోపం వచ్చింది. మూడేళ్ళుగా తను సరిగ్గా తప్పు మనుషులకి క్షమాపణ చెబుతూ వచ్చింది.

వెళ్ళి ఆయన్ని అడిగేసింది. నవ్వించడం కోసమే తిడతావా అని సూటిగా అడిగింది. ఆయనకి దొంగతనం అంటగట్టినట్టు ఒళ్ళు మండింది.

"నాకు కోపం వస్తుంది, తిడతాను. అంతే. దాన్లో ఇంకేదో ఉందని నలుగురికీ చెప్పావంటే ఊరుకోను."

శనివారం పొద్దున్నే మెట్ల మీద గట్టిగా అడుగుల చప్పుడైంది. ప్రిన్సిపాల్ మేడం స్వయంగా వచ్చింది. చేతిలో, ముందురోజు మేనకోడలు తప్పనిసరై పంపిన నలభై ఫొటోలు. కౌంటరు మీద పేకముక్కల్లా పరిచి, ఫిర్యాదేమీ రాలేదని, మీ మామయ్యగారు చాలా మర్యాదగా ప్రవర్తించారని టీచరు చెప్పిందని అంది. తర్వాత ఒక్కొక్క ఫొటో మీద వేలు పెట్టి, ఇది నా బడా, లేక జైలా అని అడిగింది. ఈ కార్డు ఏ తల్లిదండ్రులైనా చూస్తే పిల్లల్ని మాన్పించేస్తారు అంది. మేనకోడలు అలవాటుగా సొరుగు లాగి, మళ్ళీ మూసేసింది. మర్యాదగా ఉంటే ఒక తంటా, లేకపోతే ఒక తంటా.

వచ్చిన పని ఇంకొకటి కూడా ఉందని మేడం కాస్త తగ్గి చెప్పింది. తరగతి ఫొటోల పైన ప్రిన్సిపాల్ ఫొటో ఉండాలి. పదకొండేళ్ళుగా ఒకటే పాత ఫొటో వేస్తున్నారు. ఇప్పుడు పిల్లలు ఆ ఫొటోలో ఉన్నది ఎవరని అడుగుతున్నారట. మీ దగ్గర తీయించుకుంటాననడం లేదు, తీయించి చూస్తానంటున్నాను అంది. ఆ తేడా మేనకోడలికి బాగా అర్థమైంది. స్టూడియో బతుకంతా ఇప్పుడు ఈ ఒక్క ఫొటో మీద ఉంది.

బడి మొత్తాన్ని ఒక్క చూపుతో నిలబెట్టే మనిషి ఆ స్టూలు మీద కూర్చోగానే కర్రలా బిగుసుకుపోయింది. చేతులు రెండూ ఒళ్ళో ఒకదాన్నొకటి నలిపేస్తున్నాయి. ఫొటో అంటే తనకి చిన్నప్పటినుంచీ పడదని, నలుగురు అన్నల మధ్య పెరిగానని, కెమెరా ముందు కూర్చుంటే చాలు వాళ్ళు ఏదో ఒకటి అనేవాళ్ళని, ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుందని గోడ వైపు చూస్తూ చెప్పింది. ఉరుము కెమెరా ఎత్తాడు, దించాడు. ఒక లైటు జరిపి మళ్ళీ వెనక్కి జరిపాడు. పక్కకి చూశాడు. పక్కన ఎవరూ లేరు. తల్లి లేదు, భర్త లేడు, మేనేజరు లేడు. అన్నలు నలుగురూ చెవుల్లో ఉన్నారు, అక్కడికి ఆయన గొంతు అందదు. కిటికీ తీశాడు. కింద దుకాణం తలుపులు మూసి ఉన్నాయి. కళ్ళజోళ్ళాయనకి వారానికొక్క సెలవు, అది ఆరోజే. మనిషంత కళ్ళజోడు మాత్రం వేలాడుతోంది. ఆయన దానివైపు కాసేపు చూసి, నిస్సహాయంగా కిటికీ మూసేశాడు.

తెర దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న మేనకోడలికి తన జన్మలో మొదటిసారి మామయ్య మీద జాలి వేసింది. తిట్టడానికి మనిషి దొరక్క ఆయన లెన్సు మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆమె స్టాండు కాలు దాటుకుని వెళ్ళి, కెమెరా పక్కన, ఎడమవైపు, చేతులు కట్టుకుని నిలబడింది.

"మేడం, గడ్డం కాస్త పైకెత్తండి. అంత కాదు. భుజాలెందుకు అలా పెట్టారు? కొంచెం నవ్వండి. అది నవ్వేనా?"

మేడం మొహం ఇంకా బిగుసుకుంది. ఉరుము నెమ్మదిగా మేనకోడలి వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్నెవరు రమ్మన్నారు ఇక్కడికి? ఆవిడ భుజాలు ఆవిడిష్టం. నీ భుజాలు నిన్ను అడిగి ఉన్నాయా? కౌంటరు దగ్గర కూర్చుని ఊళ్ళోవాళ్ళందరికీ ఉత్తరాలు పంచుతావు, ఒకరి ఫొటో మీద ఇంకొకరి పేరు రాస్తావు, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే దాన్ని బతిమాలుతావు, పెద్ద యాజమాన్యం."

ఆమె ఉద్దేశం ఊరికే నిలబడి తిట్లు తినడమే. కానీ పేరు మార్చి రాసింది మూడేళ్ళలో ఒక్కసారే. ఆ మాటకి ఆమెకి నిజంగానే కాలింది.

"నేను బతిమాలకపోతే ఆ ప్రింటరు నీ గొంతుకి భయపడి ఎప్పుడో పారిపోయేది. మూడేళ్ళనుంచి ఆ స్టాండు కాలు జరపమంటే జరిపావా? నా మోకాళ్ళు చూడు, నీ వెలుతురు కోసం ఎలా అయ్యాయో."

"జరిపితే నీడ పడుతుంది."

"పడనీ. నేను పడేకన్నా అది పడడం నయం."

స్టూలు మీదనుంచి కిసుక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చింది. ఇద్దరూ తిరిగి చూశారు. ప్రిన్సిపాల్ మేడం ఒక చేత్తో నోరు మూసుకోబోయి, ఆపుకోలేక, తల వెనక్కి వేసి నవ్వేసింది. చేతులు ఎప్పుడు విడిపోయాయో విడిపోయాయి. మెరుపు మెరిసింది. ఆ కోపంలో మేనకోడలికి ఆయన కెమెరా ఎప్పుడు ఎత్తాడో కూడా తెలియలేదు.

మేడం తన ఫొటోని కంప్యూటరు మీద చాలాసేపు చూసుకుంది. తర్వాత కౌంటరు మీద ఇంకా పరిచి ఉన్న ఏడో తరగతి వైపు చూసింది. పళ్ళకి తీగ కట్టించుకున్న పిల్ల ఫొటో తీసి చేతిలో పట్టుకుంది. ఆవిడకి ఎంత అర్థమైందో ఏమో కానీ, సోమవారం వచ్చి వీళ్ళందరికీ మళ్ళీ తీయండి, క్లాసు టీచర్ని దగ్గరుండి చూసుకోమంటాను అంది.

"వద్దు మేడం," అంది మేనకోడలు కంగారుగా. "ఆవిడ ఉంటే మా మామయ్య మళ్ళీ..."

"అందుకే ఉండమంటున్నాను."

"ఫిర్యాదు వస్తే?"

"వస్తే నా దగ్గరికే కదమ్మా రావాలి."

సోమవారం బడి లైబ్రరీ కిటికీలు గలగలమన్నాయి. పళ్ళ తీగ పిల్ల స్టూలు ఎక్కగానే టీచరు నోరు తెరిచింది. ఇనుము అన్న మాట ఇంకా పూర్తికాలేదు, ఉరుము అందుకున్నాడు. ఏమన్నాడో ఇక్కడ రాయడం కుదరదు. నలభైమందీ నోళ్ళు తెరిచి విన్నారు. ఆ పిల్ల మాత్రం తీగ మొత్తం మెరిసేలా నవ్వింది. మర్నాడు టీచరు మూడు పేజీల ఫిర్యాదు రాసింది. ప్రిన్సిపాల్ మేడం దాన్ని స్టూడియోకి పంపుతూ అడుగున ఒక వాక్యం రాసింది: చదివాను, బుధవారం ఎనిమిదో తరగతికి రండి.

మేనకోడలికి ఆ టీచరుకి ఉత్తరం రాయాలా వద్దా అని సందేహం వచ్చింది. పాత అలవాటు ఊరికే పోదు. సొరుగు లాగింది. పైన ఒక కాగితం ఉంది. భర్తల ఉత్తరమే. కాకపోతే భర్తగారు అన్నచోట పెన్నుతో కొట్టేసి, ఉరుము తన వంకర రాతలో మేనకోడలు అని రాశాడు. గౌరవనీయులైన మేనకోడలు గారికి, మా సిబ్బంది ప్రవర్తన వల్ల మీకు కలిగిన మనస్తాపానికి ఎంతగానో చింతిస్తున్నాము. ఇకముందు ఇలా జరగదు అన్న వాక్యాన్ని మాత్రం రెండు గీతలు పెట్టి కొట్టేశాడు. కింద సిబ్బంది అని సంతకం. దాని కింద పెన్సిలుతో, స్టాండు కాలు జరిపాను అని ఉంది.

ఆమె దాన్ని రెండోసారి చదువుకుంది. అప్పుడే లోపలికి ఎవరో వచ్చారు. ఒక పెద్దాయన తన మనవరాలిని తీసుకుని నేరుగా తెర వెనక్కి వెళ్ళాడు. మామయ్యకి ఒక మంచి మాట చెప్పాలని మేనకోడలు కాగితం పట్టుకుని లేచింది. ఎప్పటిలాగే స్టాండు కాలు ఉండే చోటు జాగ్రత్తగా దాటి, అడుగు పక్కకి వేసింది. ఆయన జరిపింది సరిగ్గా అక్కడికే. తట్టుకుని, తూలి, తెర పట్టుకుని, తెరతో సహా లోపలికి వచ్చి పడినంత పనైంది.

"మామయ్యా, జరపడమంటే ఇదేనా? కొలిచి మరీ నా కాలి కిందే పెట్టావా?"

స్టూలు మీద బిగుసుకుని కూర్చున్న పిల్ల పకపకా నవ్వింది. ఉరుము ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మెరుపు మాత్రం మెరిసింది.